రైలు సీట్ల లెక్క నుంచి ఇంటి డ్రైవ్ దాకా

సికింద్రాబాద్‌లో చిలకలగూడకు దగ్గర్లోనే రైల్ నిలయం ఉంది. 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు అదే కేంద్ర కార్యాలయం. దేశమంతటి రిజర్వేషన్లను కలిపిన ‘కాన్సర్ట్’ సాఫ్ట్‌వేర్ మొట్టమొదట అమలైంది 1994 సెప్టెంబరులో, సికింద్రాబాద్‌లోనే. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై తర్వాత వచ్చాయి. సికింద్రాబాద్ గర్వంగా చెప్పుకోవాల్సిన సంగతి ఇది. 1999 ఏప్రిల్ నాటికి అయిదు కేంద్రాలూ ఒకే వలలో చేరాయి.

ఆ రిజర్వేషన్ల లెక్కలన్నీ నడిచింది వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద. దాని ఫైల్ సిస్టమ్‌ది మెచ్చుకోదగ్గ పద్ధతి: ఫైలును దిద్ది దాస్తే పాతది చెరిగిపోదు, కొత్త ప్రతికి తర్వాతి నంబరు పడుతుంది.

ఇంటి కంప్యూటర్లకు ఆ వెసులుబాటు రాలేదు. 1977లో పుట్టిన ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్ చాలాకాలం రాజ్యమేలింది. దాని వారసుడైన ఫ్యాట్32లో 4 జీబీ ఫైలు పట్టదు. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్, డ్రైవ్‌లో చేయబోయే మార్పును ముందే చిట్టాలో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా డిస్కు నిర్మాణం చాలావరకు నిలబడేది అందుకే.

ఫ్యాట్32 నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మారడానికి విండోస్‌లో ‘కన్వర్ట్’ ఆదేశం ఉంది. ఫైళ్లు అలాగే ఉంటాయి. వెనక్కి మాత్రం ఆ దారి లేదు, ఫార్మాట్ చేయాల్సిందే.

కాబట్టి ముందు అన్నిటినీ వేరే డిస్కులోకి కాపీ చేయండి. ఆ కాపీలు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. డ్రైవ్‌లో లోపాలు తనిఖీ చేశాకే ఆదేశం ఇవ్వండి.