గోధుమరంగు పట్టీలో భాస్వరం

భాస్వరం అగ్గిపుల్ల తల మీద ఉంటుందని చాలామంది అనుకుంటారు. అక్కడుండేది పొటాషియం క్లోరేట్, గంధకం, జిగురు. భాస్వరం ఉండేది పెట్టె పక్కనున్న గోధుమరంగు పట్టీలో, గాజుపొడితో కలిసి. భాస్వరం దొరికాక ఈ రెంటినీ ఇలా విడదీయడానికి మనిషికి నూట డెబ్బై అయిదేళ్లు పట్టింది.

1669లో హాంబర్గ్ రసవాది హెన్నిగ్ బ్రాండ్ బంగారం కోసం మూత్రాన్ని మరగబెట్టి మరగబెట్టి, చీకట్లో మెరిసే పదార్థాన్ని రాబట్టాడు. అదే తెల్ల భాస్వరం. వేడి 30 డిగ్రీలు దాటితే గాలి సోకగానే అంటుకుంటుంది. అందుకే నీళ్లలో దాస్తారు. 1830ల నుంచి దాన్నే పుల్లలకు పూశారు. ఎక్కడ గీసినా వెలిగేవి. కానీ దాని ఆవిరి పీల్చిన కూలీల దవడ ఎముకలు కుళ్లిపోయాయి. 1888లో లండన్ అగ్గిపెట్టెల కార్ఖానా ఆడపిల్లలు సమ్మెకు దిగారు. వాళ్లను పీడించిన కష్టాల్లో ఈ రోగమూ ఒకటి.

అదే భాస్వరాన్ని గాలి తగలకుండా సుమారు 250 డిగ్రీల దగ్గర వేడిచేస్తే ఎర్రగా మారి శాంతిస్తుంది. చిటికెడు అయొడిన్ తోడైతే ఈ మార్పు ఇంకా త్వరగా జరుగుతుంది. ఎర్ర భాస్వరానికి విషగుణం లేదు, చీకట్లో మెరవదు. 1844లో స్వీడన్ శాస్త్రవేత్త గుస్టాఫ్ ఎరిక్ పాష్ భాస్వరాన్ని పుల్ల మీంచి తీసి పెట్టె పక్కకు చేర్చాడు. గీసినప్పుడు పట్టీలోని రవ్వంత భాస్వరం రాపిడికి రాజుకుని, తలలోని క్లోరేట్‌ను అంటిస్తుంది. తెల్ల భాస్వరం పుల్లలను మన దేశం 1913లో చట్టంతో నిషేధించింది.

1922లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెలు చేసే విద్య నేర్చుకుని తమిళనాట శివకాశికి తెచ్చారు. విరుదునగర్, కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి నేల వాన పడితేనే పండుతుంది. పొడిగాలికి మందు త్వరగా ఆరుతుంది, సేద్యం లేని నెలల్లో చేతులూ ఖాళీగా ఉంటాయి. అగ్గిపెట్టెల పని అలా వేళ్లూనింది.

ఈ పనిలోకి పసిపిల్లలనూ దింపడం క్షమించరాని సంగతి. శివకాశి బాల కార్మికుల కేసులో 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు, ఒక్కో పిల్లవాడికి యజమాని 20,000 రూపాయలు సంక్షేమ నిధిలో జమచేయాలని తీర్పిచ్చింది.

2021లో ఎర్ర భాస్వరం కిలో 425 రూపాయల నుంచి 810కి పెరిగింది. పద్నాలుగేళ్లుగా కదలని అగ్గిపెట్టె ధర ఆ డిసెంబరులో రూపాయి నుంచి రెండు రూపాయలయింది.