శస్త్రచికిత్సా దృశ్యతెరలు, మానసిక పనిభారం

లాపరోస్కోపీ వంటి శస్త్రచికిత్సలలో వైద్యులు రోగి శరీరంలోకి నేరుగా చూడరు. కెమెరా పంపిన దృశ్యాన్ని తెరపై చూస్తూ పనిచేస్తారు. ఆ తెర ఎత్తు, దిశ, దానిపై చూపే సమాచారం వైద్యుల మనసుపై పడే శ్రమను పెంచవచ్చు లేదా తగ్గించవచ్చు. ఈ శ్రమనే మానసిక పనిభారం అంటారు. ఇది హద్దు మీరినప్పుడు ఏకాగ్రత తగ్గి, పొరపాట్లకు అవకాశం పెరుగుతుంది.

చరిత్ర

తొలినాళ్ళలో వైద్యులు లాపరోస్కోపు కటకానికి కన్ను ఆనించి చూసేవారు. తెలుగు గ్రామాలలో ఈ పరికరం ప్రధానంగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల ద్వారా పరిచయమైనది. 1985లో జర్మనీకి చెందిన ఎరిక్ మ్యూహె లాపరోస్కోపు సహాయంతో పిత్తాశయాన్ని తొలగించాడు. 1987లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ఫిలిప్ మూరే ఇదే ఆపరేషన్‌ను వీడియో కెమెరాతో చేశాడు. భారతదేశంలో 1990లో ముంబైలో తెహెంటన్ ఉద్వాడియా దీనిని ప్రారంభించాడు. తెర రావడంతో గదిలోని వారందరూ ఆపరేషన్ చూడగలిగారు. అయితే చేయి ఒకచోట, చూపు మరొకచోట ఉండవలసి వచ్చింది.

పనిభారానికి కారణాలు

* సాధారణ తెరపై లోతు తెలియదు. నీడలు, కణజాలపు కదలికల ఆధారంగా దూరాన్ని ఊహించుకోవాలి. త్రిమితీయ తెరలు ఈ ఇబ్బందిని తగ్గిస్తాయి.
* పరికరం పొట్టపై రంధ్రం వద్ద తిరుగుతుంది కనుక చేతిని కుడివైపుకు కదిపితే మొన ఎడమవైపుకు పోతుంది. తెర పక్కగా ఉంటే ఈ తికమక మరింత పెరుగుతుంది.
* నాడి, రక్తపోటు, ఆక్సిజన్ అంకెలు వేరే తెరపై ఉంటే చూపు మళ్ళించాలి. ఆక్సిజన్ తగ్గినకొద్దీ పల్స్ ఆక్సిమీటరు శబ్దపు స్థాయి కూడా తగ్గుతుంది. అందువలన తల తిప్పకుండానే ప్రమాదం తెలుస్తుంది.
* సమాచారం ఎక్కువైనా ప్రమాదమే. దృశ్యంపై మార్గదర్శక గీతలను అదనంగా చూపినప్పుడు, ఎదుటనే ఉన్న అనుకోని వస్తువును వైద్యులు గమనించకపోవచ్చునని 2013లో టొరంటో పరిశోధకులు తెలిపారు.

తెర అమరిక

1998లో స్కాట్లాండులోని డండీ పరిశోధకులు తెరను వేర్వేరు స్థానాలలో ఉంచి ముడి వేయించి పరీక్షించారు. తెర వైద్యునికి ఎదురుగా, చేతుల ఎత్తులో ఉన్నప్పుడు పని వేగంగా, మెరుగ్గా సాగింది. తెరను తలకంటె ఎత్తున ఉంచితే మెడనొప్పి కూడా కలుగుతుంది.

కొలిచే విధానం

1988లో నాసా పరిశోధకులు ప్రచురించిన ప్రశ్నావళిలో మానసిక, శారీరక, కాల ఒత్తిడులు, పనితీరు, ప్రయత్నం, విసుగు అను ఆరు అంశాలున్నాయి. మొదట వైమానిక రంగానికి ఉపయోగపడిన దీనిని 2011లో శస్త్రచికిత్సకు అనుగుణంగా మార్చారు. కంటిపాప పరిమాణం, గుండె లయలోని మార్పులను కూడా పరిశీలిస్తారు.

పాలమూరు ప్రాంతం

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి 2016 అక్టోబరు 11న వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో, 2024లో గద్వాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనాయి.  అనుభవజ్ఞులకు అలవాటుగా జరిగే పని నేర్చుకునేవారికి ఎక్కువ శ్రమ కలిగిస్తుంది కనుక, తెర అమరిక ప్రభావం బోధనాసుపత్రులలో మరింత ముఖ్యమైనది. త్రిమితీయ తెరలు ఖరీదైనవి. ఉన్న తెరను ఎదురుగా, చూపుకు కొంచెం దిగువకు జరపడానికి మాత్రం పెద్దగా ఖర్చు ఉండదు.