ముట్లుడిగిన స్త్రీల ఎముక, కండ: పరిశోధన చరిత్ర

ముట్లుడిగాక స్త్రీ శరీరంలో ఎముక సాంద్రత పడిపోతుంది, కండ తగ్గుతుంది, నడుము చుట్టూ కొవ్వు చేరుతుంది. ఎముక నిత్యం కొంత కరుగుతూ, కొంత కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది. కరిగించే కణాలను అదుపులో ఉంచేది ఈస్ట్రోజన్. అది తగ్గాక కట్టుబడి కన్నా కరుగుదల ఎక్కువై ఎముక గుల్లబారుతుంది.

ఈ సంబంధాన్ని 1941లో అమెరికా వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ వివరించాడు. వయసుతో కండ తగ్గడానికి ఇర్విన్ రోజెన్‌బర్గ్ 1980ల చివర్లో సార్కోపీనియా అని పేరు పెట్టాడు. ఎముక సాంద్రతను డెక్సా యంత్రంతో కొలవడం మొదలయ్యాక, 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎముక గుల్లబారే జబ్బు ఆస్టియోపోరోసిస్‌కు ఒక గీత గీసింది: యువతుల సగటు కన్నా 2.5 ప్రామాణిక విచలనాలు, అంతకు మించి తక్కువ.

తెలుగునాట ఈ కథ హైదరాబాద్‌లో మలుపు తిరిగింది. జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న బృందం 30–60 ఏళ్ల పేద స్త్రీలను 289 మందిని పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించింది. తుంటి ఎముక మెడ దగ్గర 29 శాతం మందికి ఆస్టియోపోరోసిస్, 52 శాతం మందికి దాని ముందు దశ ఉన్నాయి. వారికి రోజూ తిండిలో అందుతున్న కాల్షియం దాదాపు 270 మిల్లీగ్రాములే. అంటే నష్టానికి కారణం హార్మోను ఒక్కటే కాదు, ఏళ్ల తరబడి చాలని తిండి కూడా.

అదే ఏడాది తిరుపతి నుంచి వచ్చిన అధ్యయనంలో ముట్లుడిగిన 164 మందిలో 82 శాతం మందికి విటమిన్ డి చాలినంత లేదని తేలింది. ఎండకు కొదవలేని నేల మీద ఇది!

తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో ఆడవాళ్లు నాట్లు వేస్తారు, పత్తి, మిర్చి ఏరుతారు, అడవి పల్లెల్లో తునికాకు సేకరిస్తారు. కష్టం చేసే ఒంటికి ఎముక గట్టిగా ఉంటుందనుకోవడం సహజం. కానీ చాకిరీతో పాటు మాంసకృత్తులు, కాల్షియం అందకపోతే ఎముకా నిలవదు, కండా నిలవదు.

గర్భసంచి ఆపరేషన్లు ఈ ముప్పును ఇంకా ముందుకు జరుపుతాయి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశంలో 3.2 శాతమైతే తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ వెంటనే పడిపోతుంది; ఉంచినా ముట్లుడిగే దశ కొందరికి ముందే వస్తుంది. ఎంతో ఆందోళన కలిగించే లెక్క ఇది.

2020లో పోషకాహార సంస్థ ముట్లుడిగిన స్త్రీలకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం సూచించింది. 100 గ్రాముల రాగుల్లో 364, మునగాకులో 314 మిల్లీగ్రాములు ఉంటాయి. కండ బలం తెలుసుకోవడానికి డెక్సా అవసరం లేదు. 2019 ఆసియా ప్రమాణాల ప్రకారం స్త్రీ పిడికిలి పట్టు 18 కిలోల కన్నా తక్కువున్నా, కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోడానికి 12 సెకన్లు, అంతకు మించి పట్టినా సార్కోపీనియా అనుమానించాలి. కుర్చీ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా చేయవచ్చు.