మన్యంలో కొనుగోలుదారుగా ప్రభుత్వం: గిరిజన సహకార సంస్థ చరిత్ర

తూర్పు కనుమల్లో అరకు లోయ నుంచి పాడేరు, చింతపల్లి కొండల దాకా విస్తరించిన విశాఖ మన్యంలో, గిరిజనుడు తెచ్చిన సరుకును కొనేదీ, అతడికి కావలసిన ఉప్పూ పప్పూ అమ్మేదీ చాలాకాలం ఒకే షావుకారు కావడం వల్ల, వ్యాపారమూ అప్పూ విడదీయరానివిగా ఉండేవి. వారపు సంతల్లో బట్టలూ ఉప్పూ అరువిచ్చిన వర్తకుడు, అందుకు బదులుగా రాబోయే చింతపండును తనకే అమ్మాలని కట్టడి చేసి, ధరలోనూ కొలతలోనూ కోత పెట్టేవాడు. మద్రాసు ప్రభుత్వం 1917లో తెచ్చిన ఏజెన్సీ వడ్డీ, భూబదిలీ చట్టం వడ్డీకి హద్దు విధించింది గానీ, గిరిజనుడికి మరో కొనుగోలుదారుణ్ణి చూపలేకపోయింది.

ఆ లోటు తీర్చడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. దాని కింద పనిచేసే ప్రాథమిక సహకార విక్రయ సంఘాలు అటవీ ఫలసాయాన్ని, అంటే కలప మినహా అడవిలో ఏరుకునే తేనె, కుంకుడు, షీకాయ, అడ్డాకు, కరక్కాయ, కొండచీపుళ్ల వంటి వాటిని, ముందుగా ప్రకటించిన ధరకు కొని మైదానపు మార్కెట్లకు చేర్చేవి; డి.ఆర్. డిపోలు, అంటే దినసరి అవసరాల దుకాణాలు, బియ్యం, పప్పు, ఉప్పు, కిరోసిన్‌లను కొండ మీదికి తెచ్చేవి. సేకరణనూ సరఫరానూ ఇలా ఒకే సంస్థకు అప్పగించడంలోనే ఈ ఏర్పాటు బలం ఉంది, ఎందుకంటే సరుకుకు డబ్బు దొరికిన చోటే నిత్యావసరాలూ దొరికితే షావుకారు అరువు అవసరం తగ్గుతుంది.

1960వ దశకం చివర శ్రీకాకుళం ఏజెన్సీలో చెలరేగిన గిరిజన పోరాటం, భూమి సమస్యతో పాటు అప్పుల దోపిడీ ఇంకా తీరలేదని చాటింది. 1979లో వచ్చిన షెడ్యూల్డు ప్రాంతాల అటవీ ఫలసాయ వ్యాపార నియంత్రణ శాసనం, ఆ సరుకులను కొనే హక్కును గిరిజన సహకార సంస్థకే కట్టబెట్టింది. దళారీని దూరం పెట్టేందుకు తెచ్చిన ఈ గుత్తాధికారం వల్ల సంస్థ బాధ్యత రెట్టింపయింది: మరొకరికి అమ్ముకునే దారి లేనప్పుడు, డిపోలో ధర తగ్గినా, తూకం తప్పినా, చెల్లింపు ఆలస్యమైనా నష్టమంతా ఏరి తెచ్చిన కుటుంబానిదే. 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టం అటవీ ఫలసాయంపై యాజమాన్యాన్ని గ్రామసభలకూ పంచాయతీలకూ గుర్తించగా, 2006 నాటి అటవీ హక్కుల చట్టం దాన్ని సేకరించి అమ్ముకునే హక్కును అడవిని నమ్ముకున్న కుటుంబాలకే ఇచ్చింది. దాంతో ఏకైక కొనుగోలుదారు అనే భావనకే పునాది సడలింది.

2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు లోయ అరబికా కాఫీని కూడా ఈ సంస్థ రైతుల నుంచి కొంటోంది, అయితే అక్కడ అది ప్రైవేటు వర్తకులతోనూ ఇతర సంస్థలతోనూ పోటీపడవలసిందే. మన్యపు అనుభవం తేల్చేది ఒక్కటే: ప్రభుత్వ సేకరణకు విలువ దాని అధికారం వల్ల రాదు, సకాలంలో ఇచ్చే న్యాయమైన ధర వల్లా, సరైన తూకం వల్లా, ఖాళీ కాని డిపో వల్లా వస్తుంది.