గడ్డపు తొండ పిల్ల పెంపకం: ఆహారం, వసతి

పెంపుడు జంతువుల దుకాణాలలో బియర్డెడ్ డ్రాగన్ అనే పేరుతో లభించే సరీసృపం ఆస్ట్రేలియా ఖండపు లోతట్టు ప్రాంతాలలోని ఎడారులకు, పొద అడవులకు చెందిన జీవి. దీని శాస్త్రీయ నామం పోగోనా విట్టిసెప్స్. బెదిరినపుడు గొంతు కింది ముళ్ళ చర్మాన్ని ఉబ్బించి నల్లబరచుకుంటుంది. అది గడ్డంలా కనిపించడం వల్లనే ఈ పేరు వచ్చింది. మన చేలగట్ల మీద తల ఆడించే తొండ (కన్నడిగుల ఓతిక్యాత, తమిళుల ఓణాన్, మరాఠీల సరడా) దీనికి దాయాది. రెండూ అగామిడే కుటుంబానికి చెందినవే. ఆస్ట్రేలియా తన స్వదేశీ సరీసృపాలను వ్యాపారం కోసం సజీవంగా ఎగుమతి చేయడానికి అనుమతించదు. ఇతర దేశాలలో అమ్ముడవుతున్నవి పెంపకంలో పుట్టిన సంతతి.

గుడ్డు నుండి వెలువడిన పిల్ల సుమారు 10 సెం.మీ. పొడవుంటుంది. పెరిగిన తరువాత తోకతో కలిపి 40 నుండి 60 సెం.మీ. వరకు చేరుతుంది. సరైన పోషణ ఉంటే పదేళ్ళ వరకు జీవించగలదు. కనుక ఇది పిల్లల వేసవి సెలవుల ముచ్చటగా కొనదగిన జీవి కాదు.

వేడిమి

సరీసృపాలు శరీరంలో వేడిని తామే పుట్టించుకోలేవు. తిన్నది అరగాలన్నా బయటి వేడే ఆధారం. చలిలో ఉన్న పిల్లకు ఎంత మంచి మేత పెట్టినా అది కడుపులోనే కుళ్ళిపోవచ్చు. అందువలన మేతకు ముందు వేడిమిని ఏర్పాటు చేయాలి.

పెట్టెలో ఒక చివర దీపం కింద రాయి లేదా కొమ్మ ఉంచి, దాని పైభాగం 38 నుండి 42 డిగ్రీల సెల్సియస్ ఉండేలా చూడాలి. రెండవ చివర 25 నుండి 28 డిగ్రీల మధ్య చల్లగా ఉండాలి. ఈ రెంటి మధ్య తిరుగుతూ పిల్ల తనకు కావలసిన వేడిని తానే ఎంచుకుంటుంది. రాత్రి దీపాలన్నీ ఆర్పివేయాలి. అపుడు ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు తగ్గకుండా ఉండటం మేలు. చేతితో తాకి అంచనా వేయడం తగదు. రెండు చివరలా ఉష్ణమాపకాలు ఉంచాలి. విద్యుత్తుతో వేడెక్కే కృత్రిమ రాళ్ళు పొట్టను కాల్చివేసే ప్రమాదం ఉన్నందున వాటిని వాడరాదు.

మన ప్రాంతపు వేసవిలో చిక్కు తారుమారవుతుంది. గదిలోనే 40 డిగ్రీలు దాటిన రోజున పెట్టెలో చల్లని చోటు మిగలదు. అపుడు దీపం ఆర్పి, పెట్టెను గాలి ఆడే నీడకు మార్చాలి. చలికాలంలో పగలు కరెంటు పోతే, అది తిరిగి వచ్చి పెట్టె వేడెక్కేవరకు మేత పెట్టరాదు. రాత్రి దీపం ఆర్పడానికి రెండు గంటల ముందే చివరి మేత ముగించాలి.

కాంతి

ఎముకలు గట్టిపడటానికి కాల్షియం కావాలి. అది ఒంటబట్టడానికి విటమిన్ డి3 కావాలి. ఆ విటమిన్ చర్మంలో తయారు కావడానికి అతినీలలోహిత కాంతిలోని యూవీబీ కిరణాలు తగలాలి. కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపివేస్తుంది. కాబట్టి అద్దం వెనుక ఎండ కనిపించినా ప్రయోజనం ఉండదు. సరీసృపాల కోసం తయారైన యూవీబీ గొట్టపు దీపాన్ని రోజుకు 12 గంటలు వెలిగించాలి. వెలుగు తగ్గకపోయినా అందులోని కిరణాలు క్షీణిస్తాయి గనుక తయారీదారు చెప్పిన గడువుకు దానిని మార్చాలి.

ఉదయపు లేత ఎండ అన్నిటికన్నా శ్రేష్ఠం. పిల్లను తీగెల వల గూటిలో, సగం నీడ ఉండేలా ఉంచి, పక్కన మనిషి ఉండి కాకులు, పిల్లుల నుండి కాపాడాలి. గాజు పెట్టెను ఎండలో పెడితే కొద్ది నిమిషాలలోనే లోపలి జీవి ప్రాణం పోవచ్చు.

దవడ మెత్తబడటం, కాళ్ళు వణకడం, వంకరపోవడం ఎముకల జబ్బుకు గుర్తులు. ఒకసారి వంగిన ఎముక మరల పూర్తిగా సరికాకపోవచ్చు.

ఆహారం

పిల్లదశలో మేతలో ముప్పాతిక వంతు పురుగులు, పాతిక వంతు ఆకుకూరలు ఉండాలి. పెద్దయ్యాక ఈ నిష్పత్తి తలక్రిందులవుతుంది. నాలుగు నెలల లోపు రోజుకు రెండు మూడు సార్లు, ప్రతిసారి పది పదిహేను నిమిషాలలో తిన్నంత పెట్టాలి. రెండు కళ్ళ మధ్య ఉన్న ఎడం కన్నా పెద్ద పురుగును పెట్టరాదు. మిగిలిన కీచురాళ్ళను తీసివేయకపోతే అవి నిద్రలో ఉన్న పిల్లను కొరుకుతాయి.

పెంచిన కీచురాళ్ళు ప్రధాన ఆహారం. కోలారు, చిక్కబళ్ళాపురం, కృష్ణగిరి జిల్లాల వంటి పట్టు పరిశ్రమ సీమలలోని కుటుంబాలకు మరొక సౌకర్యం ఉంది. రెండవ జ్వరం లోపు ఉన్న లేత పట్టుపురుగులు మెత్తని, పుష్టికరమైన మేత. అయితే పడకలపై చల్లే సున్నం, బ్లీచింగ్ పొడి, మల్బరీపై కొట్టే మందులు తగలని పురుగులనే తీసుకోవాలి. ప్రత్తి, మిరప చేలలో పట్టిన పురుగులను పెట్టరాదు. మిణుగురు పురుగు ఒక్కటైనా ప్రాణాంతకం కావచ్చు.

ఆకులలో మందు కొట్టని మల్బరీ, మందార ఆకులు, పూలు, ముళ్ళు తీసిన నాగజెముడు, తురిమిన గుమ్మడి మంచివి. పాలకూర, తోటకూరలలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని బంధిస్తాయి గనుక వాటిని నిత్యం పెట్టరాదు. పురుగులపై భాస్వరం లేని కాల్షియం పొడిని వారానికి ఐదు రోజులు, సరీసృపాల విటమిన్ పొడిని ఒక రోజు చల్లాలి.

వసతి

పిల్లకు 90 సెం.మీ. పొడవు పెట్టె చాలును. పెద్దదానికి కనీసం 120 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పు కావాలి. అడుగున ఇసుక పోస్తే మేతతో పాటు మింగి పేగు బిగుసుకుపోవచ్చు. వార్తాపత్రిక గాని, పలకలు గాని పరచడం క్షేమం. రెండు పిల్లలను కలిపి ఉంచరాదు. అవి ఒకదాని వేళ్ళు, తోక మరొకటి కొరుకుతాయి. బల్లికి వలె దీనికి తోక తిరిగి మొలవదు.

ఆరోగ్యం, చట్టం

సరీసృపాల మలంలో సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. ముట్టుకున్న ప్రతిసారి చేతులు సబ్బుతో కడగాలి. ఐదేళ్ళ లోపు పిల్లలకు అందనీయరాదు. వారానికొకసారి తూచి బరువు వ్రాసిపెట్టుకుంటే జబ్బు ముందుగానే తెలుస్తుంది. సరీసృపాలకు వైద్యం చేయగలవారు గ్రామాలలో అరుదు. బెంగళూరు, చెన్నై, తిరుపతి, భువనేశ్వర్ పశువైద్య కళాశాలలలో ఏది దగ్గరో, అక్కడ చికిత్స లభిస్తుందో లేదో కొనకముందే విచారించుకోవాలి.

అమ్మేవారి వద్ద బిల్లు, పత్రాలు అడిగి తీసుకోవాలి. అటవీ శాఖ కార్యాలయంలో నియమాలు తెలుసుకోవాలి. దీనికి బదులుగా ఉడుమునో, నక్షత్ర తాబేలునో పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పెంచలేకపోయినా చేలలో వదలివేయరాదు. తెలిసిన మరొక పెంపకందారుకు అప్పగించడమే సరైన మార్గం.

దీపాలు, పెట్టె, వైద్యం ఖర్చు తరచు పిల్ల ధరను మించుతుంది. ఆ ఏర్పాట్లు ముందుగా చేసి, ఒక వారం పాటు ఉష్ణోగ్రతలు నిలకడగా ఉన్నాయని చూసుకున్న పిమ్మటనే పిల్లను ఇంటికి తేవడం శ్రేయస్కరం.