కొల్లేటి సీమలో సైలెన్సర్ మరమ్మతు

మోటారు సైకిల్ ఇంజినులో కాలిన వాయువును వెనక్కి పంపి, పేలుడు చప్పుడును అణచే గొట్టం సైలెన్సర్. బండిలో వేడినీ తడినీ బురదనూ ఒకేసారి భరించవలసిన భాగం కాబట్టి, తుప్పు ముందుగా దీన్నే పట్టుకుంటుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంక ఊళ్లలో సైలెన్సర్‌ను బాగుచేసుకునే పద్ధతి గడిచిన డెబ్బై ఏళ్లలో మూడు దశలు దాటింది. మొదట మసి కాల్చి మళ్లీ బిగించేవారు. తరువాత చిల్లు పడిన చోట అతుకు వేయించేవారు. ఇప్పుడు గొట్టాన్ని మొత్తంగా మార్చేస్తున్నారు. ఏ దశలో ఏ పని చేయాలో ఆ కాలపు ఇంజినూ ఈ ప్రాంతపు నీరూ కలిసి నిర్ణయించాయి.

దారి, నీరు

మద్రాసు, కలకత్తాలను కలిపే పాత ట్రంకు రోడ్డు ఏలూరు, తాడేపల్లిగూడెంల మీదుగానే సాగింది. చాలాకాలం 5వ నంబరు జాతీయ రహదారిగా ఉన్న ఈ దారి నేడు 16వ నంబరుది. హౌరా, చెన్నై రైలు మార్గం కూడా దీనికి తోడుగా నడుస్తుంది. ఏలూరు 1925లో ఏర్పడిన పశ్చిమ గోదావరి జిల్లాకు కేంద్రంగా ఎదిగింది; 2022 ఏప్రిల్ 4 నుంచి తన పేరిటే ఉన్న జిల్లాకు కేంద్రం. తాడేపల్లిగూడెం ఉల్లి, బెల్లం, బియ్యం వ్యాపారాలకు పేరున్న ఊరు. ఉద్యోగికీ వ్యాపారికీ బండి అవసరం పడిన ఈ రెండు పట్టణాల్లోనే మెకానిక్ షెడ్లు కూడా వెలిశాయి.

రోడ్డుకు దక్షిణంగా కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ పల్లంలోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు నీళ్లు తెస్తాయి. ఆ నీళ్లు ఉప్పుటేరు గుండా దాదాపు 60 కిలోమీటర్లు ప్రయాణించి సముద్రంలో కలుస్తాయి. ఎండాకాలంలో సరస్సు నీరు తగ్గితే అదే ఉప్పుటేరు ద్వారా ఉప్పునీరు పైకి ఎక్కుతుంది. వానాకాలంలో రోడ్ల మీద నీరు నిలుస్తుంది. మిగతా కాలంలో గాలిలో తేమ, గట్ల మీద జిగురు మట్టి. ఇనుప గొట్టం ఎక్కువకాలం నిలవడానికి అనువైన నేల కాదిది.

మొదటి బళ్లు

ఇంజిను చప్పుడును అణచే గొట్టానికి 1897లో అమెరికాలో రీవ్స్ సోదరులు పేటెంటు పొందారు. అదే సూత్రం నేటికీ నడుస్తోంది. చిల్లుల గొట్టాలు, అడ్డుగోడలు ఉన్న గదుల గుండా వాయువును తిప్పితే దాని వేగం తగ్గుతుంది, చప్పుడు లోపలే చాలావరకు అణిగిపోతుంది.

స్వాతంత్ర్యం తరువాత మన దేశంలో మోటారు సైకిళ్ల తయారీకి తొలి కేంద్రం మద్రాసు. 1955లో అక్కడ ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి బుల్లెట్ బళ్లను తయారుచేయడం మొదలుపెట్టింది. 1960లలో మైసూరు నుంచి జావా, ఎస్కార్ట్స్ నుంచి రాజ్‌దూత్ వచ్చాయి. రాజ్‌దూత్‌కు మూలం ఎస్‌హెచ్‌ఎల్ అనే పోలెండు బండి, జావాకు మూలం చెకొస్లోవేకియా బండి. లాంబ్రెట్టా, వెస్పా స్కూటర్లది ఇటలీ పుట్టుక. బుల్లెట్ ఒక్కటే ఫోర్ స్ట్రోక్. తక్కినవన్నీ టూ స్ట్రోక్ ఇంజిన్లు.

ఈ తేడా మరమ్మతు పనికి చాలా ముఖ్యం. టూ స్ట్రోక్ బండిలో నూనె పెట్రోలుతోపాటే కాలిపోవాలి. ఆనాటి బళ్లకు లీటరు పెట్రోలుకు సుమారు 40 మిల్లీలీటర్ల నూనె కలిపేవారు. పూర్తిగా కాలని నూనె సైలెన్సర్ లోపల జిడ్డు మసిగా పేరుకునేది. దారి ఇరుకైపోయి వాయువు బయటికి పోలేక పికప్ పడిపోయేది, ఇంజిను వేడెక్కేది. అయితే జిడ్డు మసి లోపలి ఇనుముకు తుప్పు పట్టకుండా కొంత కాపు కూడా కాసింది. అందువల్ల ఆ కాలంలో సైలెన్సర్ మార్చడం అరుదు, కాల్చి శుభ్రం చేయడం మామూలు.

మసి కాల్చడం

ఇది ఇంటి దగ్గర చేసుకోగలిగిన పని. జావా వంటి బళ్లలో సైలెన్సర్ తోక విప్పితే చిల్లులున్న లోపలి గొట్టం బయటికి వచ్చేది. జావాకు ఒకే సిలిండరు ఉన్నా రెండువైపులా రెండు సైలెన్సర్లు ఉండేవి కనుక పని రెండింతలు. బయటికి తీసిన గొట్టాన్ని పటకారుతో పట్టి నిప్పుల్లో పెట్టేవారు. అంటుకున్న జిడ్డు మొదట నల్లటి పొగగా లేచి, తరువాత తానే మంటగా కాలేది. ఎర్రబడిన గొట్టాన్ని చల్లారనిచ్చి కర్రతో తడితే మసి పెళ్లలుగా రాలేది. మిగిలినదాన్ని తీగ బ్రష్షుతో గీకి, చిల్లుల్ని ఒక్కొక్కటిగా తీగ ముక్కతో పొడిచి తెరిచేవారు. నిప్పు వద్దనుకున్న వాళ్లు కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టేవారు. విప్పేవాడొకడు, పట్టేవాడొకడు; ఇంటి కుర్రాళ్లకు బండి పనిలో మొదటి పాఠం తరచు ఇక్కడే దొరికేది.

1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 ఈ పనికి కొత్త జాగ్రత్త నేర్పింది. 1950లలో తూర్పు జర్మనీలోని ఎంజెడ్ కార్ఖానాలో వాల్టర్ కాడెన్ అనే ఇంజినీరు టూ స్ట్రోక్ పందెం బళ్ల సైలెన్సర్‌ను నడుమ ఉబ్బి, చివర సన్నగిల్లేలా మలిచాడు. అందులో శబ్ద తరంగం వెనక్కి తిరిగి వచ్చి, బయటికి జారిపోబోతున్న తాజా పెట్రోలు గాలిని మళ్లీ సిలిండరులోకి నెడుతుంది. కాడెన్ దగ్గర పందెం బళ్లు నడిపిన ఎర్నెస్ట్ డెగ్నర్ 1961లో పడమటికి వెళ్లిపోయి సుజుకీలో చేరడంతో ఆ విద్య జపాను చేరింది. ఆర్‌ఎక్స్ 100 గొట్టం పనిచేసేది ఈ సూత్రం మీదే. దానికి సొట్ట పడినా, లోపలి భాగం ఊడబెరికినా చప్పుడు పెరుగుతుందే తప్ప బలం పెరగదు. చప్పుడును బలమనుకుని లోపలి గొట్టం తీసేయించుకున్న వాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. మంచి మెకానిక్ దాన్ని తిరిగి పెట్టించుకోమనే చెబుతాడు.

తుప్పు, అతుకు

1985లోనే వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ దేశమంతటా ఫోర్ స్ట్రోక్ బండిని ఇంటింటికీ చేర్చాయి. పెట్రోలులో నూనె కలపనక్కరలేదు, మసి తక్కువ. కాని సైలెన్సర్‌కు కొత్త శత్రువు పుట్టుకొచ్చింది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. దూరం నడిచిన బండిలో గొట్టం వేడికి ఆ ఆవిరి బయటికి పోతుంది. ఇంటి నుంచి చెరువుకు, చెరువు నుంచి కూడలికి తిరిగే బండిలో గొట్టం పూర్తిగా వేడెక్కదు. ఆవిరి లోపలే నీరై అడుగున నిలుస్తుంది. కాపు కాసే నూనె జిడ్డు లేదు కనుక తుప్పు గొట్టాన్ని లోపలి నుంచే తింటుంది. పైన మెరుపు చెక్కుచెదరకుండా ఉండగానే అడుగున వేలు దిగేంత చిల్లు పడుతుంది. అడుగున ఉండే సన్నని నీటి రంధ్రం బురదతో మూసుకుపోతే ఇది మరీ త్వరగా జరుగుతుంది.

కొల్లేరులో ఈ చిన్న ప్రయాణాలు పెరిగింది చేపల సాగుతో. 1970ల నుంచి సరస్సులో చేపల చెరువులు తవ్వారు. పడవే దారిగా ఉన్న చోట్ల చెరువు గట్లు బళ్లకు బాటలయ్యాయి. మేత బస్తాలకూ చేపల బుట్టలకూ 1980లో మొదలైన టీవీఎస్ 50, తరువాత వచ్చిన ఎక్సెల్ బళ్లు వాడుకలోకి వచ్చాయి. తక్కువ ఎత్తులో ఉండే వాటి గొట్టాలకు గట్టు బురద నేరుగా తగులుతుంది. ప్రభుత్వం 1999లో ఐదో కాంటూరు ఎత్తుగీత వరకు కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించింది, 2002లో సరస్సు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో అభయారణ్యం లోపలి చెరువు గట్లను కొట్టివేశారు. ఎన్ని మార్పులు వచ్చినా నీటి బెడద మాత్రం తగ్గలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఏలూరు, కైకలూరు రోడ్డు మీదికే కొల్లేటి నీరు వచ్చింది. మునిగిన దారిలో ఇంజిను నడుస్తున్నంతసేపు లోపలి వాయువు నీటిని రానివ్వదు. నడి నీళ్లలో ఆగిపోతే మాత్రం సైలెన్సర్ నిండుతుంది. అందుకే యాక్సిలరేటర్ వదలకుండా దాటాలంటారు.

చిల్లు పడిన గొట్టాలకు మందు వెల్డింగ్. ట్రాక్టర్లకూ లారీలకూ రైసు మిల్లులకూ పనిచేసే షాపులు డెల్టా పట్టణాల్లో ఎటూ ఉన్నాయి. సైలెన్సర్‌ను ఇంటి దగ్గరే విప్పి, సంచిలో పెట్టుకుని వెళ్లి, రేకు ముక్క అతికించుకుని వచ్చి తిరిగి బిగించుకునే పద్ధతి అలా స్థిరపడింది. లోపలి గోడలను కూడా తుప్పు తినేసిన గొట్టానికి మాత్రం అతుకు ఎక్కువకాలం ఆగదు. మార్పిడి గొట్టాలు విడిభాగాల షాపుల్లో దొరకడం మొదలయ్యాక అతుకు కంటే కొత్తదే మేలన్న లెక్క బలపడింది.

ఇంటి దగ్గర మార్చే క్రమం

పాత రకం బళ్లలో ఈ పని నేటికీ ఇంటి దగ్గర సాధ్యమే. బండి పూర్తిగా చల్లారాక సెంటర్ స్టాండు వేస్తారు. సిలిండరు దగ్గర బెండు పైపును పట్టి ఉంచే రెండు నట్లు ఏళ్ల వేడికి బిగుసుకుపోయి ఉంటాయి. తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా నాననివ్వాలి. తొందరపడి పానా మీద బరువు వేస్తే స్టడ్డు విరిగి సిలిండరు హెడ్డులోనే ఉండిపోతుంది. అప్పుడు గంటలో అయ్యే పని రోజంతా పడుతుంది, షెడ్డుకు వెళ్లక తప్పదు. తోడు మనిషి అవసరం ఇక్కడే. ఒకరు గొట్టం బరువు మోస్తుంటే ఇంకొకరు వెనక బోల్టు తీయాలి. బెండు పైపుకూ సిలిండరుకూ నడుమ ఉండే పాత వాషర్‌ను గీకి తీసి, కొత్తది పెట్టాలి. బిగించేటప్పుడు ముందు నట్లను చేతితో తిప్పి వదిలి, వెనక బోల్టును వదులుగా ఎక్కించి, గొట్టం సహజంగా కుదురుకున్నాక ముందు నట్లు రెండింటినీ కొంచెం కొంచెంగా సమానంగా బిగించి, చివర వెనక బోల్టు బిగించాలి. ఈ వరస తప్పితే గొట్టం వంకరగా నిలిచి, వాషర్ దగ్గర గాలి కారి, టపటపమని చప్పుడు వస్తుంది.

చట్టం, కొత్త గొట్టం

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన ప్రతి వాహనానికీ సైలెన్సర్ ఉండాలంటుంది. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ప్రకారం శబ్దం, కాలుష్యం పరిమితులు దాటితే 2019 సవరణ తరువాత జరిమానా 10,000 రూపాయల దాకా ఉండవచ్చు. చప్పుడు కోసం మార్చిన సైలెన్సర్లను పోలీసులు ఊడదీయించి రోడ్డు రోలర్‌తో తొక్కించడం ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో తరచు జరుగుతోంది.

పొగ నియమాలు గొట్టం లోపలి స్వరూపాన్నే మార్చాయి. 2017 ఏప్రిల్ 1న బీఎస్ 4, 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 అమలులోకి వచ్చాయి. నేటి సైలెన్సర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాల పూత ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. అది విషవాయువులను చాలావరకు హాని తక్కువ వాయువులుగా మారుస్తుంది. గొట్టానికి బిగించిన ఆక్సిజన్ సెన్సార్ ఎంత పెట్రోలు పోయాలో కంప్యూటర్‌కు చెబుతుంది. ఇలాంటి గొట్టాన్ని నిప్పుల్లో పెట్టి కాల్చకూడదు. చౌకరకం గొట్టం తగిలిస్తే పొగ శుద్ధి ఆగిపోతుంది, సెన్సార్ లెక్క కూడా తప్పవచ్చు.

అందువల్ల ఈ ప్రాంతంలో ఇప్పుడు రెండు పద్ధతులు పక్కపక్కనే నడుస్తున్నాయి. పాత స్ప్లెండర్, ఎక్సెల్ సైలెన్సర్లను తోడు మనిషి ఉంటే ఇంటి ముందే మార్చుకోవచ్చు. కొత్త బళ్లకు కంపెనీ గొట్టమే వేయించాలి, సెన్సార్‌ను తెలిసినవాళ్లే విప్పాలి. రెండింటికీ సమానంగా వర్తించే జాగ్రత్తలు మూడు: నీటి రంధ్రం మూసుకుపోకుండా చూడటం, బురదలో తిరిగి వచ్చాక గొట్టం చల్లారనిచ్చి మంచినీళ్లతో కడగడం, వారానికోసారైనా బండిని కొంత దూరం నడిపి లోపలి తడిని ఆర్చడం.