నేలపట్టులో నీటిపక్షుల ఛాయాగ్రహణము

నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రము ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రము, తిరుపతి జిల్లా, దొరవారిసత్రం మండలములో ఉన్నది. 2022 వరకు ఈ మండలము నెల్లూరు జిల్లాలో ఉండేది. పులికాట్ సరస్సు ఇక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరములో ఉన్నది. సుమారు 459 హెక్టార్ల ఈ ప్రాంతమును 1976లో అభయారణ్యముగా ప్రకటించారు. నీటిపక్షులను గూళ్ళతో సహా చూడగల చోటు కావడముతో ఛాయాచిత్రకారులు ఇక్కడికి వస్తుంటారు.

పక్షులు, కాలము

ఈశాన్య ఋతుపవనాల వానలకు చెరువు నిండిన తరువాత, అక్టోబరు, నవంబరు నెలల నుండి పక్షులు నీటిలో నిలిచిన కడప చెట్లపై గూళ్ళు కడతాయి. గూడబాతులకు ఈ కేంద్రము ప్రసిద్ధి. నీటిలో నడుస్తూ మేసే పొడవుకాళ్ళ పక్షులలో నత్తగుల్ల కొంగ, తెడ్డుమూతి కొంగ, తెల్ల కంకణము ముఖ్యమైనవి. గూడబాతులు పులికాట్ వరకు వెళ్ళి చేపలను తెచ్చి పిల్లలకు మేపుతాయి.

చిత్రీకరణ

గాలి లేని ఉదయము ఇందుకు అనువైనది. ఏటవాలు ఎండలో ఈకల వివరము తెలుస్తుంది, నిలకడ నీటిలో ప్రతిబింబము చెదరదు. సూర్యుడు వీపు వైపు ఉండేలా నిలబడాలి. తెల్లని పక్షి చిత్రములో ఎక్కువ భాగము ఆక్రమిస్తే కెమెరా వెలుగును తగ్గించి పక్షిని బూడిదరంగులో చూపుతుంది. అందువలన ఎక్స్‌పోజరును కొద్దిగా పెంచాలి. అయితే ఎండ తీవ్రమైతే తెలుపులోని వివరము చెరిగిపోతుంది. ఎగిరే పక్షికి షట్టరు వేగము సెకనులో వెయ్యవ వంతుకు తగ్గకూడదు. దూరము నుండి తీయడానికి 400 మిల్లీమీటర్లు లేదా అంతకు మించిన కటకము, ఊతకర్ర అవసరము.

చట్టము, జాగ్రత్తలు

వన్యప్రాణి సంరక్షణ చట్టము (1972) ప్రకారము అడవి పక్షుల గుడ్లను, గూళ్ళను కలతపెట్టడము కూడా "వేట" నిర్వచనములోకే వస్తుంది. తుపాకి లేకపోయినా కెమెరాతో గూటి దగ్గరకు పోయినవాడు ఈ తప్పు చేసినవాడు కావచ్చును. దీనికి కారణము ఉన్నది. తల్లిపక్షి బెదరి లేచిపోతే గుడ్లు, ఈకలు రాని పిల్లలు ఎండకు మాడిపోతాయి, కాకులు, గద్దల పాలవుతాయి. కనుక బాట, వీక్షణ గోపురము దాటి పోరాదు. ఫ్లాష్ వాడరాదు, కొమ్మలు నరకరాదు. పక్షి మెడ నిక్కించి చూస్తే వెంటనే వెనుకకు తగ్గాలి.

గ్రామస్థుల పాత్ర

రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువుగా పనికివస్తుందని గ్రామస్థులు తరతరాలుగా ఈ పక్షులను కాపాడుతున్నారు. పక్షులు మనుషులకు కొంత చేరువలో గూళ్ళు కట్టడానికి ఈ రక్షణ తోడ్పడినది.